మగ్గం మాట వినిపించుట: వీడియో, పాడ్‌కాస్టులను గురించి ఒక పాఠం



బట్టను సంతలోనో, ఇంటి అరుగు మీదనో అమ్మిన కాలంలో కొనేవారు దానిని చేతితో పట్టి చూచెడివారు. అంచు తిరగవేసి చూచెడివారు. వెలుతురుకు ఎత్తి పోగుల దగ్గరతనం చూచెడివారు. నేసినవాని ముఖం చూచి ధర అడిగెడివారు. ఈనాడు కొనేవారిలో అనేకులు సెల్‌ఫోను తెర మీద చూచి బట్ట కొనుచున్నారు. చేతికి అందని బట్టను కంటితోనే నమ్మవలసి వచ్చుచున్నది. ఆ కంటికి ఏమి చూపవలెను, ఎట్లు చూపవలెను, అదే సాధనాన్ని మన శిక్షణ శిబిరాలకు ఎట్లు వాడుకొనవలెను అన్నదే ఈ పాఠంలోని విషయం.

ముందుగా ఒక అనుభవం చెప్పుదుము. మా సభ్యులలో ఒకరి ఇంటికి కొంతకాలం క్రిందట ఒక వర్తకుడు వచ్చి, మగ్గం ఆడుచుండగా వీడియో తీసికొని పోయినాడు. తీయనిచ్చిన ఇంటివారు కాఫీ ఇచ్చి పంపినారు. కొన్ని వారాలకు అదే వీడియో ఒక చీరల ప్రకటనలో కనబడినది. మగ్గం మనది. నాడె పట్టిన చేయి మనది. ప్రక్కన కూర్చుండి కండెలు చుట్టుచున్న తల్లి మన తల్లి. అమ్మిన చీర మాత్రం మరమగ్గం మీద నేసినది, ధర సగానికి సగం. మన సభ్యుడు తన చీరను పాత ఖాతాదారు ఒకరికి చూపగా, “ఇదే చీర అక్కడ సగం ధరకు వచ్చుచున్నది గదా, అన్నా” అని జవాబు వచ్చినది. అనగా అతని చేతులనే చూపి, అతని చేతిలోని గిరాకీని తీసికొన్నారు.

ఈ సంగతి మా కార్యవర్గంలో చర్చకు వచ్చినప్పుడు, ఇక ఎవరినీ మగ్గపుటింటిలోనికి రానీయరాదని కొందరు పట్టుబట్టినారు. వారి బాధ న్యాయమైనదే. కాని తలుపు మూసినంత మాత్రాన మన బట్ట అమ్ముడుపోదు. మన పనిని గురించి మనం నోరు మెదపకున్నచో ఇతరులు మాట్లాడుదురు, వారికి లాభమైన విధంగా మాట్లాడుదురు. కనుక వీడియో మనమే తీయవలెను, మాట మనమే చెప్పవలెను అని నిశ్చయించుకొన్నాము. తీయగా తీయగా మాకు తెలిసినది ఇది: తెర మీది బొమ్మ గాని, చెవిలోని మాట గాని తనంతట తాను ఎవరినీ నమ్మించదు, ఎవరికీ పని నేర్పదు. బొమ్మ వెనుక ఆ బట్టే ఉండవలెను. మాట వెనుక కలిసి కూర్చుండి మాట్లాడుకొనే మనుష్యులుండవలెను. తక్కిన పాఠమంతయు ఈ రెండు మాటలకు వివరణమే.

౧. కంటికి ఏది, చెవికి ఏది

వీడియో సంగతి అందరికీ తెలిసినదే. యూట్యూబు 2005లో మొదలైనది. నేడు వాట్సాప్ లేని ఇల్లు అరుదు. పాడ్‌కాస్టు అనునది రేడియో ప్రసంగం వంటిదే. ఈ మాట 2004లో వాడుకలోనికి వచ్చినది. రేడియో ప్రసంగాన్ని అది ప్రసారమయ్యే గంటకే వినవలెను. పాడ్‌కాస్టునైతే తీరిక దొరికినప్పుడు, ఎన్నిసారులు కావలెనన్న అన్నిసారులు వినవచ్చును.

మగ్గం మీద కూర్చున్నవారి కన్ను పోగు మీద, చేయి నాడె మీద ఉండవలెను. పని వేళ వీడియో చూచినచో పోగు తెగినది తెలియదు. నాడె ఆడు చప్పుడులో మాట కూడ సరిగా వినబడదు. కాని చేతిరాట్నం మీద కండెలు చుట్టువారికి, చిలపలు విప్పువారికి, అచ్చు అతుకువారికి చెవి ఖాళీగానే ఉండును. 2019–20 నాటి నాలుగవ అఖిలభారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివారు 35.22 లక్షలు. అందులో మగ్గం నేయువారు 26.73 లక్షలు, అనుబంధ పనులు చేయువారు 8.48 లక్షలు. మొత్తంలో నూటికి సుమారు 72 మంది స్త్రీలు. శిబిరమనగానే ఇంటి పని, పిల్లల పని వలన రాలేకపోవుచున్నవారు ఈ స్త్రీలే. పాఠం వారి వద్దకు పోవలెనన్న చెవి ద్వారా పోవుటే సులువు.

కావున ఒక చిన్న నియమం పెట్టుకొనవచ్చును. చేతి కదలికను నేర్పవలెనన్న వీడియో, కారణాన్ని తెలుపవలెనన్న మాట. తెగిన పడుగు పోగును ముడి వేయు విధం వీడియోలో చూపవలెను. వానకాలంలో గంజి పట్టించిన పడుగు ఎందుకు ఇబ్బంది పెట్టును, నూలు ధర పెరిగినప్పుడు చీర ధరను ఎట్లు లెక్క కట్టవలెను అన్నవి మాటలో చెప్పవలెను. రెంటినీ కలగలిపి అరగంట వీడియో తీసినచో చూచేవారికి విసుగు, తీసేవారికి శ్రమ.

౨. కొనేవారి ప్రశ్నలకు జవాబు

మన వీడియోలలో చాలభాగం చీరను మడతలు విప్పి చూపుటతో మొదలై ధర చెప్పుటతో ముగియును. అంగడివారు కూడ అంతే చేయుదురు. నేసినవారు చెప్పగలిగి అంగడివారు చెప్పలేని సంగతులు వేరే ఉన్నవి. కొనేవారు సాధారణంగా అడుగు ప్రశ్నలు అయిదు: ఇది చేతితో నేసినదేనా? ఎన్నాళ్ళ పని? నూలేమి, జరీ ఏమి? రంగు దిగునా, ఎట్లు ఉతకవలెను? ధర ఇంత ఎందుకు? ప్రశ్నకొక వీడియో చొప్పున, మూడు నిమిషాలకు మించకుండ తీసినచో సంవత్సరమంతా పనికివచ్చును.

ధర ప్రశ్ననే ఉదాహరణకు తీసికొందము. చూచేవారికి నేతపని అనగా నాడె ఆడుట మాత్రమే. దానికి ముందు జరుగు పని కనబడదు. 48 అంగుళాల పన్నాలో అంగుళానికి 80 పోగుల చొప్పున పడుగు ఉన్నదనుకొందము. మొత్తం 3,840 పోగులు. పాత పడుగు కొనకు క్రొత్త పడుగును కలుపునప్పుడు ఈ 3,840 పోగులనూ ఒక్కొక్కటిగా చేతితో అతుకవలెను. ఇక పేక లెక్క చూతము. 5.5 మీటర్ల చీర సుమారు 216 అంగుళాలు. అంగుళానికి 70 పేకలనుకొన్నచో 15,120 సారులు నాడె ఆడవలెను. ఈ అంకెలు చెప్పి, నేసిన బట్ట ప్రక్కన ఒక కొలబద్ద ఉంచి, పది సారులు నాడె ఆడి చూపుడు. బట్ట పెరిగినది అంగుళంలో ఏడవ వంతు. ఇది చూచినవారికి ధరను గురించి మరొక ఉపన్యాసం అక్కరలేదు. మీ మగ్గానికి సరిపడు లెక్కను మీరే వేసి చెప్పవలెను. మా లెక్కను వాడుకొనరాదు.

చేనేత గుర్తుల విషయంలో తొందరపడి గొప్పలు చెప్పరాదు. బట్ట వెడల్పు కుంగకుండ పట్టించు సూదిమొనల కర్ర వలన అంచున సన్నని రంధ్రాలు పడును. ఆ రంధ్రాలుంటే చేనేతే అని కొందరు చెప్పుచున్నారు. అది ఒక గుర్తు మాత్రమే, మరమగ్గపు బట్టకు కూడ అట్టి రంధ్రాలు పడవచ్చును. ప్రాంతానికొక ప్రత్యేక పని ఉన్నది, దానిని చూపుట మేలు. ఆంధ్రదేశంలో కుప్పడమని, కాంచీపురంలో కోర్వై అని పిలుచు పనిలో అంచుకు వేరు నాడె, ఒడలికి వేరు నాడె ఆడును. రెండు రంగులు కలియుచోట పోగు పోగును పెనవేయును. ఇల్కల్ చీరలో ఒడలి పడుగును, కొంగు పడుగును ఉచ్చులుగా ఒకదానిలో ఒకటి తగిలించి కలుపుదురు. దానిని అక్కడ తోపెతెని అందురు. బరంపురం పట్టులో అంచు మీద గుడిగోపురాల వంటి ఫోడా కుంభం తీర్చుదురు. ఈ కలయికచోట్లను దగ్గరగా, తిరగవేసి, నెమ్మదిగా చూపిన వీడియో ఒక్కటి, వెనుక పాట పెట్టి చీర ఎగురవేసిన పది వీడియోల కంటె ఎక్కువ చెప్పును.

కోరి నేయించుకొనేవారితో మరొక పద్ధతి మాకు అనుకూలించినది. పడుగు మగ్గానికి ఎక్కిన నాడు అర నిమిషం, అంచు తేలిన నాడు అర నిమిషం, కొంగు పూర్తియై బట్ట కోసిన నాడు అర నిమిషం, మూడు చిన్న వీడియోలు వారికి పంపవలెను. నెలన్నర ఎదురుచూచుట కొనేవారికి కష్టమే. తమ చీర పెరుగుట కనబడుచున్నచో ఆ కష్టం సంతోషంగా మారును. ఆలస్యమైనప్పుడు కూడ కారణం చూపవచ్చును: “అమ్మా, రంగు తేడా వచ్చినది, మరల అద్దించుచున్నాము” అని చెప్పి చిలప చూపినచో తిట్టేవారు తక్కువ.

౩. ఒక చీర, ఒక వీడియో

ఇప్పుడు మొదట చెప్పిన మోసం సంగతికి వత్తము. ఏ వీడియోనైనను ఎవరైనను ఎత్తుకొని పోవచ్చును. పూర్తిగా ఆపు ఉపాయం మా దగ్గర లేదు. దొంగకు పని పెంచు ఉపాయం మాత్రం ఉన్నది. చీర మగ్గం మీద ఉండగానే కొంగు చివర సంఖ్య వ్రాసిన చిన్న గుడ్డముక్క కుట్టవలెను. వీడియోలో ఆ సంఖ్య కనబడవలెను. నేసేవారు తమ ఊరు, ఆ నాటి తేదీ, చీర సంఖ్య స్వయంగా చెప్పవలెను. పార్సెలులోని చీర మీద అదే సంఖ్య ఉండవలెను. కొనేవారికి ముందే ఇట్లు చెప్పవలెను: “సంఖ్య కలియనిచో చీర త్రిప్పి పంపుడు.” అట్టి వీడియోను మరొక బట్టకు అతికించుట కష్టం. ఇంతకు మించి, సంఖ్య అడుగు అలవాటు ఒకసారి కలిగిన ఖాతాదారు మరొకచోట కూడ అడుగును.

దీనికి తోడుగా 2006లో ప్రారంభమైన హ్యాండ్లూమ్ మార్కు చీటీ, పట్టుకు 2004లో వచ్చిన సిల్క్ మార్కు చీటీ ఉన్నవారు వాటిని కూడ వీడియోలో చూపవలెను. 1985 నాటి చేనేత ప్రత్యేకింపు చట్టం క్రింద నిర్ణయించిన లక్షణాలు గల 11 రకాల వస్తువులు నేడు చేనేతకే కేటాయింపబడి ఉన్నవి. చీర, ధోవతి, తువాలు, లుంగీ వాటిలోనివి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించు ప్రకటనలను శిక్షార్హం చేసినది. మోసం జరిగినప్పుడు ఫిర్యాదు చేయుటకు తేదీ, సంఖ్య గల మన అసలు వీడియోయే సాక్ష్యం. కావున అసలును చెరిపివేయరాదు.

ఇక్కడ మనలో మనం ఒక మాట చెప్పుకొనవలెను. సోలాపూరులోను, భివండిలోను మనవారనేకులు మరమగ్గాల మీద బ్రతుకుచున్నారు. సోలాపూరు చద్దరు దేశమంతట పేరు పొందినది. మరమగ్గం మీద నేసిన బట్టలో దోషం లేదు, దానిని చేనేత అని చెప్పుటలో దోషమున్నది. మరమగ్గం నడుపువారు తమ మగ్గాన్నే చూపి, జాకార్డు పనితనం, నూలు బరువు, ఉతికినా నిలుచు రంగు గురించి చెప్పుకొనవచ్చును. అందులో సిగ్గు లేదు, గిరాకీ ఉన్నది. గుంటమగ్గం బొమ్మ పెట్టి మరమగ్గపు చీర అమ్మినది మనవారే అయినచో, నష్టపోయినవారు కూడ మనవారే.

౪. శిబిరం ముగిసిన మరునాడు

రెండవ విషయం శిక్షణ. మన సంఘాలు శిబిరాలు జరుపుచున్నవి. సేలం, కాంచీపురం, బెంగళూరు, భువనేశ్వర్, ముంబయి నగరాలలోని నేతగాండ్ర సేవాకేంద్రాల నుండి తెలిసినవారు వచ్చి రంగులో, డాబీలో, నమూనాలో మెలకువలు చెప్పుదురు. ఆ రోజు అందరికీ అర్థమైనట్లే ఉండును. పది రోజులకు ఇంటి మగ్గం దగ్గర కూర్చున్నప్పుడు మొదటి మెట్టు జ్ఞాపకముండును, రెండవది ఉండదు. అడుగుటకు మనిషి ఉండడు. పాత పద్ధతికే పోదుము. శిబిరానికి పెట్టిన ఖర్చు భోజనాల లెక్కగా మిగులును.

ఈ చిక్కు క్రొత్తది కాదు. రైతుల విషయంలో దీనిని మనకంటె ముందు ఆలోచించినవారున్నారు. 1956లో అప్పటి బొంబాయి రాష్ట్రంలో ఆకాశవాణి పూనా కేంద్రం, యునెస్కో తోడ్పాటుతో ఒక ప్రయత్నం చేసినది. అయిదు మరాఠీ జిల్లాలలో 150 గ్రామాలలో శ్రోతల బృందాలు ఏర్పరచినారు. పది వారాలు, వారానికి రెండుసారులు, అరగంట చొప్పున వ్యవసాయం, ఆరోగ్యం మొదలైన విషయాలు ప్రసారం చేసినారు. బృందంలోనివారు ఒకచోట చేరి వినెడివారు, విన్నదానిని చర్చించెడివారు, ఊరిలో ఏమి చేయవలెనో నిర్ణయించుకొనెడివారు, తమ ప్రశ్నలను రేడియో కేంద్రానికి పంపెడివారు. తరువాత పరిశీలించగా, బృందాలున్న గ్రామాలవారి తెలివిడి బాగుగా పెరిగినది. రేడియో ఉండి బృందం లేని గ్రామాలలో ఆ పెరుగుదల చాల తక్కువ. ఒకే రేడియో, ఒకే మాట. తేడా తెచ్చినది విన్న తరువాతి చర్చ.

ఏబది సంవత్సరాల తరువాత, 2006లో బెంగళూరులో మొదలైన డిజిటల్ గ్రీన్ అను ప్రయత్నం ఇదే పాఠాన్ని వీడియోతో నిరూపించినది. కర్ణాటకలోని కొన్ని గ్రామాలలో, ఆ ప్రాంతపు రైతులే తమ పొలంలో పని చేయుచుండగా వీడియోలు తీసి, సాయంకాలాలలో చిన్న గుంపులకు చూపినారు. గ్రామంలోని మనిషి ఒకరు మధ్య మధ్య వీడియో ఆపి ప్రశ్నలు అడుగుట, జవాబులు చెప్పించుట ఆ పద్ధతికి ప్రాణం. ఊరికి వచ్చి చెప్పిపోవు మామూలు పద్ధతి కంటె ఇందులో క్రొత్త పద్ధతులను చేపట్టినవారు ఎన్నోరెట్లు ఎక్కువైనారు. తెర మీద తమవంటి మనిషి, తమ యాసలో మాట్లాడుట చూచినప్పుడు “వాడు చేయగా నేనెందుకు చేయలేను” అని తోచుట సహజం.

ఈ రెండింటి నుండి మన శిబిరాలకు ఈ క్రమం ఏర్పరచుకొనవచ్చును:

మొదటిది: శిబిరానికి వారం ముందు సభ్యులు తమ చిక్కులను వాట్సాప్‌లో నోటిమాటగా పంపవలెను. “నా పడుగు ఎడమ అంచున వదులగుచున్నది” వంటి ప్రశ్నలు వచ్చినచో బోధకుడు వాటినే పాఠంగా చేసికొనును.

రెండవది: శిబిరమంతా వీడియో తీయరాదు. ఆరు గంటల వీడియోను ఎవరూ చూడరు. ముఖ్యమైన పనులు మూడు ఎన్నుకొని, ఒక్కొక్కటి అయిదు నిమిషాల వీడియోగా తీయవలెను. బోధకుడు చేయుట కంటె, నేర్చుకొన్న సభ్యుడు చేయుచుండగా బోధకుడు దిద్దుట తీసినచో మరింత మంచిది. తప్పు కూడ కనబడవలెను. ఏ తప్పు వచ్చునో చూచినవారే దానిని గుర్తుపట్టుదురు.

మూడవది: శిబిరం తరువాత వారానికొకసారి, ఎనిమిది, పదిమంది ఒక ఇంట కూడి ఒక్క వీడియో చూడవలెను, లేదా ఒక్క పాఠం వినవలెను. ఒకరు మధ్యలో ఆపి, “ఇక్కడ ఏమి చేసినాడు? మన మగ్గానికి ఇది ఎట్లు కుదురును?” అని అడుగవలెను. అప్పటికప్పుడు ఆ ఇంటి మగ్గం మీద ఒకరు చేసి చూపవలెను.

నాలుగవది: మిగిలిన ప్రశ్నలను నోటిమాటగా బోధకునికి పంపవలెను. ఆయన జవాబులను కూర్చి పది నిమిషాల శబ్దపాఠంగా తరువాతి వారానికి అందరికీ పంపవలెను. ప్రశ్న అడిగినవారి గొంతు కూడ అందులో వినబడవలెను. తన ప్రశ్న విన్న సభ్యుడు మరొక ప్రశ్న అడుగును.

ఈ నాలుగింటిలో మూడవది వదలివేసినచో తక్కినవి వ్యర్థం. వీడియోను గుంపుకు పంపి ఊరకున్నచో అది బృందం లేని రేడియో వంటిదే.

౫. మన తెలుగు చెవికి

ఈ పత్రికను తెలుగు లిపిలో అచ్చు వేయుచున్నాము. చదువువారు పెద్దలు. సోలాపూరులోని మన పిల్లలు బడిలో మరాఠీ చదువుచున్నారు, సేలం పిల్లలు తమిళం, బళ్లారి పిల్లలు కన్నడం, బరంపురం పిల్లలలో అనేకులు ఒడియా. ఇంటిలో తెలుగు మాట్లాడుదురు, తెలుగు అక్షరం పట్టరు. మేము ఎంత శ్రద్ధతో వ్రాసినను ఈ పాఠం వారి కంటికి మూసిన తలుపే. అదే మాట చెవికి చేరినచో వారికి దుబాసి అక్కరలేదు. పాడ్‌కాస్టు మనవంటి వలస తెలుగువారికి ప్రత్యేకంగా పనికివచ్చుటకు ఇది కారణం.

ఇంకొక లాభం కలదు. ఒకే పనిముట్టుకు ఊరికొక పేరు ఉన్నది. మనం వచ్చి తరాలు గడచినవి. తెలంగాణం నుండి వచ్చినవారి మాట వేరు, తమిళదేశంలో శతాబ్దాలుగా ఉన్నవారి మాట వేరు. బోధకుడు పనిముట్టును చేతిలో పట్టి, “దీనిని మేము ఇట్లు పిలుతుము, మీ ఊరిలో ఏమందురు?” అని అడుగుట అలవాటు చేసికొనవలెను. పెద్దల నోటిలోని పేర్లు పెద్దలతోనే పోవుచున్నవి. ఏ ముసలి తల్లి గంజి పదును చేతి వ్రేళ్ళ మధ్య చూచి చెప్పునో, ఆమె మాటను ఈ సంవత్సరమే పట్టి ఉంచవలెను. వచ్చే సంవత్సరం శిబిరం పెట్టవచ్చును, ఆమెను తేలేము.

కొనేవారికి తీయు వీడియోలో కూడ నేతగాడు తన తెలుగులోనే మాట్లాడవచ్చును. రాని భాషలో తడబడుట కంటె అది నమ్మకం కలిగించును. క్రింద తమిళం, కన్నడం, మరాఠీ, ఒడియా, ఇంగ్లీషులలో కావలసిన దానిలో అర్థం వ్రాయించవలెను. ఈ పనిని బడికి పోవు మన పిల్లలకు అప్పగించినచో, అర్థం వ్రాయుటకు తాత మాట వినక తప్పదు. వారికి పని తెలియుటకు అదొక మార్గం.

౬. తీయు విధం

ఖరీదైన పరికరాలు అక్కరలేదు. మంచి సెల్‌ఫోను ఒకటి, దానిని కదలకుండ నిలుపు కర్ర ఒకటి చాలును. ఈ మెలకువలు గుర్తుంచుకొనవలెను.

వెలుతురు కిటికీ నుండి ప్రక్కగా పడవలెను. ఎదుటి నుండి పడినచో నేత అల్లిక కనబడదు, ప్రక్క వెలుతురులో పోగు పోగు లేచి కనబడును. రంగును పగటి వెలుతురులోనే చూపవలెను. ఫోను తనంతట తాను రంగు మార్చును, కావున ప్రక్కన తెల్లని గుడ్డ ఉంచి, “ఇది ముదురు వంకాయ రంగు, ఫోనులో కొంచెం నీలంగా కనబడవచ్చును” అని నోటితో చెప్పవలెను. రంగు తేడా తగవులు దీనితో తగ్గును.

పని నేర్పు వీడియోను నేసేవారి భుజం వెనుక నుండి తీయవలెను. ఎదుట నిలిచి తీసినచో కుడి ఎడమలు తారుమారై నేర్చుకొనేవారు తికమకపడుదురు. ఒకసారి మామూలు వేగంతో, ఒకసారి నెమ్మదిగా, మరల మామూలుగా చూపవలెను.

మగ్గం ఆడుచుండగా మాట్లాడరాదు. చప్పుడు కొంతసేపు వినిపించి, మగ్గం ఆపి మాట చెప్పవలెను. సినిమా పాటలు చేర్చరాదు. వాటి హక్కులు ఇతరులవి. నాడె చప్పుడు మనది, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

శబ్దపాఠం పట్టుటకు ఫ్యాను ఆపి, ఫోనును నోటికి జానెడు దూరంలో ఉంచవలెను. గది మార్మోగినచో మాట చెడును. మడతబట్టలు పేర్చిన కొట్టు గది అన్నిటికంటె మంచిది, బట్ట మార్మోతను మ్రింగివేయును. ఇతరులు గోడలకు దూది అతికించి చేసికొను ఏర్పాటు మన ఇండ్లలో ఉచితంగా ఉన్నది. మొదటనే పేరు, ఊరు, తేదీ, విషయం చెప్పవలెను. పాఠానికి ఒక్క విషయం చాలును.

వాట్సాప్‌లో వీడియోగా పంపినచో స్పష్టత తగ్గును. డాక్యుమెంటుగా పంపినచో ఉన్నది ఉన్నట్లు చేరును. ప్రతి దానికీ ఊరు, తేదీ, పని పేరు వ్రాసి, రెండు చోట్ల దాచవలెను. ఇంటర్నెట్ లేని చిన్న ఫోనులున్న పెద్దలకు మెమరీ కార్డులో ఎక్కించి ఇవ్వవచ్చును.

౭. జాగ్రత్తలు

క్రొత్త నమూనాను తొందరపడి వీడియోలో పెట్టరాదు. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం, దరఖాస్తుకు ముందే లోకానికి వెల్లడియైన నమూనా నమోదుకు అర్హం కాదు. నమోదైన నమూనాకు మొదట 10 సంవత్సరాలు, పొడిగించినచో మరి 5 సంవత్సరాలు రక్షణ ఉండును. మన చేతితోనే ముందు చూపి, ఆ తరువాత ఎవరో కాపీ కొట్టినారని ఏడ్చినందువలన ఫలం లేదు. ముందు దరఖాస్తు, తరువాత వీడియో. గీతపటమును, జాకార్డు అట్టలను ఎప్పుడూ దగ్గరగా చూపరాదు.

ఇంటి స్త్రీలను వారి సమ్మతి లేక తీయరాదు. ఎక్కడ పెట్టుదుమో, ఎవరు చూతురో ముందుగా చెప్పి అడుగవలెను. వర్తకుడెవరైన వచ్చి తీయగోరినచో, ఏ బట్టకు వాడుదురో కాగితం మీద వ్రాయించుకొని, సంఖ్య కనబడునట్లు మాత్రమే తీయనీయవలెను. మర్యాదకు కాఫీ ఇవ్వవచ్చును, చేతులను ఊరక ఇవ్వరాదు.

ఇక మొదలుపెట్టు సంగతి. ప్రతి శాఖవారు ఈ మాసంలో రెండు పనులు చేయవలెనని కోరుచున్నాము. ఒకటి, మీ మగ్గం లెక్కతో, కొలబద్ద ప్రక్కన పది సారులు నాడె ఆడు వీడియో. రెండు, మీ ఊరిలోని పెద్దలలో ఒకరి నోట పది నిమిషాల మాట. తీసినదానిని ముందుగా మీలో మీరు కూర్చుండి చూడుడు, వినుడు, ఆపి ఆపి మాట్లాడుకొనుడు. ఆ తరువాతనే బయటికి పంపుడు.

శాఖలలో చర్చించుటకు ప్రశ్నలు:

1. మీ ఊరి నేతలో, తిరగవేసి చూపినచో తప్పక చేనేత అని తెలియు చోటు ఏది?
2. మీ చీరకు పడుగు పోగులెన్ని, పేకలెన్ని? పది సారులకు బట్ట ఎంత పెరుగును?
3. గత శిబిరంలో నేర్చినదానిలో ఈనాడు మీ మగ్గం మీద ఆడుచున్నదేది? ఆడనిది ఎందుకు ఆడలేదు?
4. మీ ఇంట ఈ పత్రికను చదువలేని పిల్లలు ఎందరు? ఈ పాఠాన్ని వారికి ఎవరు చదివి వినిపింతురు?

నాలుగవ ప్రశ్నకు జవాబు ఈ రాత్రియే చెప్పవచ్చును. భోజనాలైన తరువాత పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని ఈ పాఠాన్ని పైకి చదువుడు. ప్రక్కన ఫోను పట్టుకొని ఆ చదువును పట్టుమని వారితోనే చెప్పుడు. మీ శాఖ మొదటి పాడ్‌కాస్టు అదే అగును.